లేవి బండలు, కోఫీ దొండో

బేతంచెర్ల గనుల్లో పనిచేసేవాళ్ళలో లేవిని దూరం నుంచే గుర్తుపట్టవచ్చు. పొద్దుగూకే వేళకు అందరూ గనిలోంచి పైకెక్కి గబగబా ఇళ్ళ దారి పడుతుంటే, అతను మాత్రం గట్టు మీద కూలబడేవాడు. ఇల్లు కనుచూపు మేరలోనే ఉన్నా, అంత దూరం నడవడానికి కూడా ఓపిక కూడదీసుకోవాల్సి వచ్చేది. జుట్టు, కనుబొమలు, మీసాలు అన్నీ రాతిదుమ్ము పట్టి బూడిదరంగుకు తిరిగి ఉండేవి. వయసు నలభై దాటిందో లేదో అతనికే తెలియదు. చూసేవాళ్ళు యాభై పైమాటే అనుకునేవాళ్ళు.

సొంత ఊరు కోడుమూరు దగ్గర ఒక పాలెం. తండ్రి దాసన్న తోళ్ళు ఊని పదును చేసేవాడు, తప్పెటలు కట్టేవాడు, వాటిని వాయించేవాడు కూడా. చావుకైనా జాతరకైనా ఊరివాళ్ళు దాసన్ననే పిలిచేవాళ్ళు. లేవి పాలు మరిచే వయసులో పాలెమంతా కలిసి బాప్తిస్మం తీసుకుంది. అప్పటిదాకా సుంకన్న అని పిలిచిన బిడ్డ ఆరోజు నుంచి లేవి అయ్యాడు. చచ్చిన గొడ్లను మోయడం, చావుల దగ్గర తప్పెట వాయించడం ఇకమీదట మనకొద్దని పెద్దలు తీర్మానం చేసుకున్నారు. ఆ రెండూ పోతే తప్ప ఊళ్ళో తలెత్తుకోలేమని వాళ్ళ బాధ. ఆ బాధ అబద్ధం కాదు. దాసన్న తప్పెటను గోడకు తిప్పి తగిలించాడు. కొన్నాళ్ళకు దానికి చెదలు పట్టింది. కానీ సంగటి తినేటప్పుడు అతని ఎడమచేతి వేళ్ళు తట్ట అంచు మీద ఆడుతూనే ఉండేవి. భార్య చూస్తే ఆపేవాడు.

లేవి పెరిగి పెద్దవాడై, విశ్వాసమ్మను పెళ్ళి చేసుకొని, ఒక ఆడబిడ్డకు తండ్రి అయ్యేసరికి యుద్ధం వచ్చింది. ఆ ఏడు వానలు లేవు. జొన్న మొలిచినచోటే మాడిపోయింది. కర్నూలులో పటాలానికి మనుషులను తీసుకుంటున్నారని, మూడు పూటలా తిండి పెడుతున్నారని తెలిసి లేవి పోయి చేరాడు. చేతికి తుపాకి ఇవ్వలేదు. పలుగు, పార ఇచ్చి రైలెక్కించారు. చిట్టగాంగు దాటి బర్మాలోని అరకాను అడవుల్లో రోడ్లు వేయడం, మూటలు మోయడం అతని పని. కోడుమూరులో ఏడాదంతా చూసే వాన అక్కడ ఒక్క పూటలో పడేది. బట్టలు ఒంటి మీదే నానేవి, ఒంటి మీదే ఆరేవి.

వాళ్ళ డేరాలకు అవతల ఆఫ్రికావాళ్ళ పటాలం దిగింది. గోల్డుకోస్టు అనే దేశం నుంచి వచ్చినవాళ్ళు. ఎంతెంత బరువులనైనా నెత్తిన పెట్టుకొని వాగులు దాటేవాళ్ళు. మొదట్లో లేవి ఉన్న మద్రాసు పటాలంవాళ్ళు వాళ్ళను చూసి జంకారు. ఒక ఆదివారం వాన కాస్త తెరిపి ఇచ్చినప్పుడు అవతలి డేరాల్లోంచి పాట వినిపించింది. మాటలు తెలియవు. రాగం మాత్రం లేవికి బాగా తెలిసినదే. పాలెంలో ప్రార్థనగుడిలో పాడే కీర్తన రాగం. లేవి తన డేరా ముందు నిలబడి అదే రాగాన్ని తెలుగు మాటలతో అందుకున్నాడు. అవతలినుంచి ఒక మనిషి లేచి వచ్చాడు. పొడగరి, ముందుపళ్ళ మధ్య సందు. తన గుండె మీద చెయ్యి పెట్టుకొని "కోఫీ" అన్నాడు.

"కాఫీనా? ఈడ యాడ దొరుకుతాదప్పా?" అన్నాడు లేవి.

అది అతని పేరని అర్థమయ్యేసరికి ఇద్దరూ కడుపుబ్బ నవ్వుకున్నారు.

వచ్చీరాని హిందుస్తానీ, ముక్కలు ముక్కలుగా ఇంగ్లీషు, మిగతాది చేతులతో సైగలు. వాళ్ళ మాటలు అట్లా సాగేవి. కోఫీ దగ్గర ఒక వాద్యం ఉండేది. నడుము సన్నగా, రెండు వైపులా తోలు మూతులతో, ఒక మూతి నుంచి రెండో మూతికి తోలు తాళ్ళు బిగించి ఉండేది. దాన్ని చంకలో పెట్టుకొని వంకర పుల్లతో కొట్టేవాడు. చంక బిగిస్తే గొంతు పైకి లేచేది, వదిలితే కిందికి జారేది. దాని పేరు దొండో. లేవికి బుడబుక్కలవాళ్ళ చేతిలోని డమరుకం గుర్తొచ్చింది. ఇది అంతకన్నా పెద్దది, గొంతు కూడా లోతైనది. తమ భాషలో మాట ఎక్కుతూ దిగుతూ ఉంటుందని, దొండో కూడా అట్లాగే ఎక్కుతూ దిగుతూ మాట్లాడుతుందని కోఫీ చెప్పాడు. తన పేరు ఎట్లా పలుకుతుందో వాయించి చూపించాడు. లేవి పేరు కూడా పలికించాడు. తమ ఊళ్ళో కూడా పాదిరీలు దీన్ని గుడిలోకి రానివ్వలేదని చెప్పాడు.

"మాకూ అంతే," అన్నాడు లేవి. అతనికి అది చెప్పుకోవడానికి అంతవరకూ మనిషి దొరకలేదు.

ఆ వానాకాలమంతా లేవి దొండో నేర్చుకున్నాడు. తర్వాత కోఫీకి జ్వరం తగిలింది. అడవి జ్వరం, వణికించి వణికించి మనిషిని పీల్చేసింది. డోలీలో వేసి ఏటి దాకా మోసుకుపోయినవాళ్ళలో లేవి ఒకడు. పడవలో పడుకోబెట్టి, అతని దొండోను పక్కన పెట్టారు. పడవ వంపు తిరిగి కనపడకుండా పోయింది. బతికాడో లేదో లేవికి ఎవరూ చెప్పలేదు. ఎవరిని అడగాలో కూడా తెలియలేదు.

యుద్ధం ముగిసి ఇంటికొస్తే కూతురు లేదు. అతను అడవిలో ఉండగానే అమ్మవారు పోసి పోయింది. విశ్వాసమ్మ ఆ సంగతి చెప్పేటప్పుడు ఏడవలేదు, ఏడుపు ఎప్పుడో అయిపోయింది. ఒకప్పుడు చేలో కలుపు తీసేటప్పుడు ఆమె గొంతు విని గట్టు మీద పోయేవాళ్ళు ఆగేవాళ్ళు. ఇప్పుడు పాడటం మానేసింది. కోడుమూరులో ఉండబుద్ధి కాక ఇద్దరూ బేతంచెర్ల వచ్చి గనుల్లో పనికి చేరారు. అతను రాయి తీసేవాడు, ఆమె ముక్కలు ఎత్తి పోసేది.

బేతంచెర్ల బండలు పలకలు పలకలుగా ఊడి వస్తాయి. పల్చటి బండను ఉలితో తడితే, అది పగుళ్ళు లేని బండైతే ఖంగున మోగుతుంది. పగులు ఉంటే బీటవారిన కుండలా పలుకుతుంది. గనిలో బండ మంచీచెడ్డా తెలుసుకునేది ఆ మోతతోనే. అందరూ ఆ మోత విని బండను పక్కన పడేసేవాళ్ళు. లేవి మాత్రం కొన్ని మోతలను ఇంటిదాకా మనసులో మోసుకొచ్చేవాడు. పనికిరాదని పారేసిన సన్నటి ముక్కలు ఏరి తెచ్చి, ఈతాకు తాళ్ళు రెండు వరసలుగా పరిచి వాటి మీద పేర్చాడు. అంచులు కొట్టి కొట్టి ఒక్కోదాని గొంతు సరిచేశాడు. వేపమొద్దు తొలిచి, మేకతోలుతో మూసి, దొండో కూడా చేశాడు. మొదటిది పగిలింది. రెండోది పలికింది.

ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక గుడిసె ముందు కూర్చొని బండలు వాయిస్తుంటే, లోపల జొన్నలు చెరుగుతున్న విశ్వాసమ్మ సన్నగా ఏదో అందుకుంది. లేవి చేయి ఆగబోయింది. ఆగితే ఆమె కూడా ఆగిపోతుందని భయపడి తల తిప్పకుండా వాయిస్తూనే ఉన్నాడు.

"కందనోలు మీద కమ్మినా మబ్బు
మా సేని గట్టెక్కి సూడకా పాయె..."

మళ్ళీ ఆదివారం ఆమే చేట పక్కన పెట్టి వచ్చి కూర్చుంది.

బేతంచెర్ల చర్చి సంఘంలో గుసగుసలు మొదలయ్యాయి. పాస్టరు యోసేబు అయ్యగారు మెత్తని మనిషి. ఒక సాయంత్రం వచ్చి నులకమంచం మీద కూర్చొని దొండోను చూశాడు.

"లేవీ, మన పెద్దోళ్ళు ఎంత కష్టపడి వదిలించుకున్నారో నీకు తెలీదా? మళ్ళా మనోడే తోలు పట్టుకొని కూర్చుంటే, ఊరోళ్ళు ఏమంటారు? రేపు సావుకు రమ్మని పిలుస్తారు."

"పిలిస్తే పోనులే అయ్యగారూ. ఇది సావుకు వాయించేది కాదు."

"మరి ఎందుకు?"

లేవిది పొద్దున్నించి రాయి కొట్టి వచ్చిన ఒళ్ళు. "శానా అలిసిపోయినానయ్యా. ఇది వాయిస్తే కూసింత తెరిపిగా ఉంటాది," అన్నాడు. పాస్టరు ఇంకేమీ అనకుండా ప్రార్థన చేసి వెళ్ళిపోయాడు. వద్దన్నట్టా, సరేనన్నట్టా అని మొగుడూ పెళ్ళాలు చాలాసేపు తేల్చుకోలేకపోయారు.

బండలు ఎక్కించుకునే గూడ్సు బండ్లు బేతంచెర్ల స్టేషన్లో గంటల తరబడి నిలిచేవి. ఆ బండ్ల గార్డుల్లో నోరిస్ అని ఒక దొర ఉండేవాడు. తెల్లదొర కాదు, రైల్వే కాలనీల్లో పుట్టి పెరిగిన ఆంగ్లో ఇండియన్. నడివయసు, బట్టతల, ఎప్పుడూ నలిగిన యూనిఫారం. గుంతకల్లు రైల్వే ఇన్‌స్టిట్యూట్లో శనివారాల డాన్సులకు శాక్సాఫోను వాయించేవాడు. ఒక ఆదివారం ఎదురు బండి రాక, బయలుదేరే వీల్లేక, పట్టాల పక్కన నడుస్తూ లేవి గుడిసె దాకా వచ్చాడు. బండల మోత విని ఆగిపోయాడు. విశ్వాసమ్మ పాట ఆపి కొంగు సర్దుకుంది.

"ఆపొద్దు, ఆపొద్దు," అన్నాడు నోరిస్. రైల్వే తెలుగులో తడుముకుంటూ, "ఇది... ఈ వాయింపు నువ్వు యాడ నేర్చినావు?"

"బర్మాలో దొరా. ఆఫ్రికా మనిషి నేర్పినాడు."

నోరిస్ నేల మీదే చతికిలబడ్డాడు. తాను వాయించే జాజ్ అనే సంగీతం కథ చెప్పాడు. ఆఫ్రికా నుంచి సంకెళ్ళు వేసి ఓడల్లో అమెరికాకు తోలుకుపోయిన జనం బిడ్డలు పుట్టించింది అది. పత్తి చేలల్లో పాడుకున్నారు, చావుల్లో వాయించుకున్నారు.

"మా కోఫీ వాళ్ళేనా దొరా?"

"వాళ్ళ తాతముత్తాతల కాలంలో పోయినవాళ్ళు."

లేవి దొండోను ఒళ్ళోకి తీసుకున్నాడు. "అంత దూరం పోయినా ఇడవలేదన్నమాట," అన్నాడు.

అప్పటినుంచి నోరిస్ బేతంచెర్ల బండి తనకే పడేట్టు చూసుకునేవాడు. నల్లటి పెట్టెలోంచి శాక్సాఫోను తీసేవాడు. గనుల పక్క పాలెం జనం దానికి వంకర పీపీ అని పేరు పెట్టారు. విశ్వాసమ్మ అతనికీ లేవికీ మజ్జిగ ఇచ్చి, దొండోను దొండకాయ అని వెక్కిరించి, పాడటానికి కూర్చునేది. మొదట్లో ఏదీ కలవలేదు. ఆమె పాట ఆమె ఊపిరిని బట్టి సాగుతుంది, ఒక్కోసారి ఆగి నిట్టూరుస్తుంది. నోరిస్ కాలితో లెక్క వేసుకుంటూ ఆ నిట్టూర్పు దగ్గర తప్పిపోయేవాడు. చివరికి లెక్క వదిలేసి ఆమె ముఖం చూస్తూ ఊదడం నేర్చుకున్నాడు. అప్పుడు కలిసింది.

వారమంతా రాయి, ఆదివారం వాయింపు కూడా పని అయ్యేసరికి లేవికి దిగులేసేది. ఒకసారి బండల మీద చేతులు పెట్టుకొని అట్లాగే కూర్చుండిపోయాడు.

"ఏమయ్యో, నిద్రపోతాండావా?" అంది విశ్వాసమ్మ.

"లేదు. చేతులు లేస్తాలేవు."

"వద్దంటే వద్దని చెప్పు దొరకు. నోరు లేదా?"

"నువ్వు పాడతాండావు గదా," అన్నాడు లేవి.

ఎండలు ముదురుతున్న రోజుల్లో నోరిస్ ఆ మాట తెచ్చాడు. మద్రాసులో గ్రామఫోను ప్లేట్లు చేసే కంపెనీలో సుందరం అనే ఆయన తనకు తెలుసు. ఒకటి కాదు, కొన్ని ప్లేట్లు కలిపి, అట్ట పుస్తకంలా కుట్టిన ఆల్బమ్‌గా తెద్దామని ఒప్పించాడు. ఇట్లాంటిది దేశంలో ఎవరూ చేయలేదని నోరిస్ కళ్ళు మెరిశాయి. లేవికి అంత ఉత్సాహం రాలేదు. మద్రాసు చాలా దూరం. కానీ విశ్వాసమ్మ అప్పటికే బండలను వరిగడ్డిలో చుట్టడం మొదలుపెట్టింది.

ద్రోణాచలం, గుంతకల్లు, అక్కడినుంచి కడప మీదుగా మద్రాసు మెయిలు. గోనె సంచుల్లో బండలు, చంకలో దొండో. ఎర్రగుంట్ల దగ్గర రైలు పక్కన కూడా బండల గుట్టలు కనిపిస్తే లేవి ముఖం తిప్పుకున్నాడు. మద్రాసులో దిగి సంచులు దించేటప్పుడు ఒక పెద్ద బండ రెండుగా విరిగింది. అన్నింటికన్నా లోతుగా పలికేది అదే.

కంపెనీవాళ్ళ గది గోడలకు మెత్తటి గుడ్డ దట్టించి ఉంది.

"గోడలకు చలి పెడతాదా ఏంది?" అంది విశ్వాసమ్మ. సుందరం నవ్వాడు. పొట్టి మనిషి, పనిలో ఖచ్చితం. ఎర్ర దీపం వెలిగితే మొదలుపెట్టాలని, ప్లేటుకు ఒక వైపు మూడు నిమిషాలు మించి పట్టదని, తాను చెయ్యి ఎత్తగానే ముగించాలని చెప్పాడు.

బండలు, పాట, శాక్సాఫోను కలిసినవి మొదట రికార్డుకు పట్టుకున్నారు. విరిగిన బండ ఉండాల్సిన చోట లేవి చెయ్యి ప్రతిసారీ ఖాళీ మీద పడబోయి తడబడింది. అందుకని మొదటి రెండూ చెడిపోయాయి. మూడోసారి నోరిస్ ఆ ఖాళీలో తన లోతైన స్వరం ఊది నింపాడు. విశ్వాసమ్మ మాత్రం ఎర్ర దీపాన్ని చూడనే లేదు. కళ్ళు మూసుకొని, కోడుమూరు చేలో ఉన్నట్టే పాడింది. సుందరం చెయ్యి ఎత్తి, అట్లాగే ఎత్తి ఉంచి, ఆమె నిట్టూర్పు అయ్యాక దించాడు.

చిక్కు దొండో దగ్గర వచ్చింది. బేతంచెర్ల ఎండకు బిగిసి కణకణమని పలికిన తోలు సముద్రపు గాలికి తడిసి వేలాడిపోయింది. కొడితే గోనె మీద కొట్టినట్టుంది. లేవి గడ్డి కాల్చి వెచ్చబెడతానన్నాడు.

"ఇక్కడ నిప్పా? మొత్తం అంటుకుంటుందయ్యా!" సుందరం గాభరాపడ్డాడు. "వదిలేయండి. ఉన్నవి చాలు."

నోరిస్ చేతులు జారవిడిచాడు. లేవికి ఆ మాట వినగానే మొదట కలిగింది హాయి. ఇక చాలు, ఇంటికి పోవచ్చు. గోడకు ఒరిగి కూర్చున్నాడు. కాసేపటికి లేచి, ఎవరితోనూ చెప్పకుండా దొండో తీసుకొని మేడ మీదికి పోయాడు. మిట్టమధ్యాహ్నం. కాలే గచ్చు మీద కూర్చొని, తోలును ఎండకు తిప్పి తిప్పి పట్టుకున్నాడు. చేతి వెనుక పక్కతో తాకి చూసుకున్నాడు. విశ్వాసమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"కోఫీ ఉంటే ఏం జేసేవాడో," అన్నాడు లేవి.

"ఉండాడో లేడో."

"అదే గదా."

తోలు బిగిసింది. ఇద్దరూ పరుగులాంటి నడకతో మెట్లు దిగారు. లేవికి దగ్గు తన్నుకొచ్చింది, నోరు మూసుకొని ఆపుకున్నాడు. దీపం వెలిగింది. లేవి పుల్ల ఎత్తి, కోఫీ నేర్పినట్టే కోఫీ పేరు పలికించాడు. పైకి ఒకటి, కిందికి ఒకటి. మళ్ళీ అదే. ఆ తర్వాత మూటలు నెత్తిన పెట్టుకొని వాగు దాటేవాళ్ళ నడక. నోరిస్ ఆ నడక వెంట మెల్లగా ఊదుకుంటూ నడిచాడు. ఈ వాయింపుకు ముగింపు ఎట్లాగో లేవికి తెలియదు. కోఫీ నేర్పకముందే పడవ వచ్చింది. సుందరం చెయ్యి ఎత్తేలోగానే తోలు మళ్ళీ జారడం మొదలైంది. గొంతు తగ్గి తగ్గి, ఎంత చంక బిగించినా లేవక, గొణుగుడై పోయింది. శాక్సాఫోను కూడా దానితోపాటు దిగింది. ఇద్దరూ ఆగారు.

నోరిస్ "మళ్ళీ ఒకసారి," అన్నాడు.

"నావల్ల కాదు దొరా," అన్నాడు లేవి. సుందరం అద్దం అవతలి గదిలోంచి, ఇదే ఉంచుతున్నానని చెప్పాడు.

కొన్ని నెలలకు నోరిస్ ఆల్బమ్ తెచ్చి ఇచ్చాడు. గట్టి అట్ట, లోపల కాగితపు సంచుల్లో నల్లటి ప్లేట్లు. మధ్యలో అతికించిన గుండ్రటి కాగితం మీద వేలు పెట్టి చదివి వినిపించాడు. పాట, విశ్వాసమ్మ. బండలు, దొండో, లేవి. విశ్వాసమ్మ ఆ అక్షరాలను కొంగుతో ఒకసారి తుడిచింది. పాలెంలో గ్రామఫోను ఎవరి దగ్గరా లేదు. ఆల్బమ్‌ను ట్రంకు పెట్టెలో పాత చీర మడతల మధ్య పెట్టారు. పక్కింటి జీవమ్మ వచ్చి చూసి, "దీంట్ల యాడుండాది నీ గొంతు?" అని అడిగింది.

లేవి దగ్గు ముదిరింది. వానలు వెలిశాక ఇద్దరూ కర్నూలు పెద్దాసుపత్రికి పోయారు. డాక్టరు రొమ్ము విని, రాయి కొట్టడం మానకపోతే ఎక్కువకాలం బతకవని చెప్పాడు. బయటికి వచ్చి లేవి మెట్ల మీద కూర్చున్నాడు.

అప్పుడు ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని. ఎక్కడ చూసినా డేరాలు, కాగితాల కట్టలతో గుమస్తాలు, దుమ్ము లేపుకుంటూ పోయే జీపులు. బురుజు దగ్గర లక్ష్మన్న అనే ఆయన గ్రామఫోన్ల అంగట్లో మన ప్లేట్లు పెట్టించానని నోరిస్ చెప్పి ఉన్నాడు. అడుగుతూ అడుగుతూ అక్కడికి చేరారు. అంగడి ముందు సినిమా పాట మోగుతోంది.

"ఏం కావల్లప్పా?" అన్నాడు లక్ష్మన్న. లేవి సంగతి చెప్పాడు. లక్ష్మన్న అతన్ని ఎగాదిగా చూసి, వెతికి, అడుగున ఉన్న అట్టను దుమ్ము దులిపి తీశాడు. "నువ్వేనా? తెచ్చినప్పట్నించి ఒక్కరూ అడగల. ఉండు, ఏస్తా."

ముల్లు పెట్టగానే బర్రుమని, ఆ వెనక బండలు మోగాయి. ఆ మీద విశ్వాసమ్మ గొంతు. బజారులో తన గొంతు తనకే ఎదురొస్తే ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. నెత్తిన కట్టెమోపులతో పోతున్న ఆడవాళ్ళు ఇద్దరు ఆగారు.

"ఎవురో మన పక్క ఆమె పాడతాంది," అంది ఒకతె.

"శానా కష్టపడినామె మాదిరి ఉండాది," అంది రెండో ఆమె. పాట అయ్యేదాకా మోపులు దించకుండా అట్లాగే నిలబడి, తర్వాత పోయారు. విశ్వాసమ్మ అది నేనే అని చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని లేవి తర్వాత అడిగితే, "వాళ్ళకు అడ్డం పడబుద్ధి కాలేదు," అంది.

దొండో వైపు వేయమని లేవి అడిగాడు. "అది ఎవరూ వినరప్పా," అంటూనే లక్ష్మన్న వేశాడు. కొత్తగా జనం రాలేదు సరికదా, ఉన్నవాళ్ళు కూడా కదిలిపోయారు. ఒక గుమస్తా, "ఏమప్పా, ఏదో చెడిపోయినట్టుందే," అని నవ్వి పోయాడు.

లేవి అరుగు పక్కన నిలబడి విన్నాడు. వాయించేటప్పుడు అతను ఎన్నడూ తనను తాను వినలేదు. చేతుల పనీ, చంక పట్టూ, ఊపిరీ వీటితోనే సరిపోయేది. ఇప్పుడు చేతులు ఖాళీగా ఉన్నాయి. కోఫీ పేరు రెండుసార్లు స్పష్టంగా వినిపించింది. ఆ తర్వాత వినిపించింది కోఫీ కాదు. ఒక అలసిపోయిన మనిషి, బరువు దించుకునే చోటు కనపడక ఇంకా నడుస్తున్నాడు. అతని కాళ్ళు ఈడ్చుకుపోతున్నాయి. అతను ఎవరో లేవి పోల్చుకున్నాడు. ఇన్నేళ్ళుగా ఒళ్ళు నొప్పులు, దగ్గు, దుమ్ము అనుకున్నదంతా మూడు నిమిషాల లోపల బయటినుంచి వినపడేసరికి, అతనికి ఆ మనిషి మీద జాలి కలిగింది. తన మీద తనకు జాలి పడే తీరిక అంతకుముందు దొరకలేదు. అరుగు మీద కూర్చొని, కండువా ముఖానికి అడ్డం పెట్టుకొని ఏడ్చాడు.

లక్ష్మన్న కంగారుపడి ప్లేటు ఆపబోయాడు.

"ఉండనీ అన్నా," అంది విశ్వాసమ్మ. "అయిపోయిందాకా ఉండనీ."

గనికి లేవి మళ్ళీ పోలేదు. విశ్వాసమ్మ బండలు నునుపు పెట్టే షెడ్డులో పనికి కుదిరింది. ఆ మరుసటి ఏడు రాజధాని హైదరాబాదుకు పోయింది. డేరాలు పీకేశారు, లక్ష్మన్న అంగడి మూసుకొని సైకిళ్ళ వ్యాపారంలోకి దిగాడు. నోరిస్‌ను హుబ్లీకి మార్చారు. చివరిసారి వచ్చినప్పుడు శాక్సాఫోను తేలేదు. ఇన్‌స్టిట్యూట్లో డాన్సులు తగ్గిపోయాయని, వాయించేవాళ్ళు ఒక్కొక్కరే దేశం వదిలి పోతున్నారని చెప్పాడు. మజ్జిగ తాగి, గ్లాసు కింద పెట్టాడు.

"నిన్ను ఊరికే కష్టపెట్టినానా, లేవీ?"

"కష్టం ఎట్లాగూ ఉండేదే దొరా. అది మీ వల్ల వచ్చింది కాదు."

గార్డు పెట్టెలో నిలబడి నోరిస్ పచ్చజెండా ఊపాడు. గూడ్సు బండి నెమ్మదిగా గుట్టల వెనక్కి పోయింది.

పీర్ల పండగకు ముందు చుట్టుపక్కల ఊళ్ళనుంచి తప్పెటలు కట్టించుకోవడానికి లేవి దగ్గరికి వచ్చేవాళ్ళు. నీడలో కూర్చొని చేసే పని, దుమ్ము లేదు. పాస్టరు చూసీ చూడనట్టు పోయేవాడు. ఒకసారి మాత్రం ఆగి, తోలు ఊనే తొట్టి ఇంటికి కాస్త దూరంగా పెట్టుకోమని, వాసన గుడి దాకా వస్తోందని అన్నాడు. లేవి దూరంగా పెట్టుకున్నాడు.

ఒక సాయంత్రం విశ్వాసమ్మ షెడ్డు నుంచి వచ్చేసరికి లేవి జొన్న సంగటి కెలికి, ఊరిమిండి పచ్చడి నూరి పెట్టాడు. ఆమె కాళ్ళు కడుక్కొని కూర్చుంది. రాతినీళ్ళలో నాని నాని ఆమె వేళ్ళు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. లేవి ఆ చేతులు తన ఒళ్ళో పెట్టుకొని ఆముదం రాశాడు. ఆమె ఏదో కూనిరాగం తీసింది, అతను ఎప్పుడూ విననిది.

"అదేం పాట?"

"ఏమో. షెడ్డులో చక్రం తిరుగుతాంటే వచ్చింది. ఇంగా మాటలు రాలేదు."

"వస్తాయిలే. ముందు తిను."

ఆమె తినడం మొదలుపెట్టింది. లేవి గుంజకు ఆనుకొని ఆమె తినేది చూస్తూ, ఆమె రెండో ముద్ద అడిగేలోపే కునుకులోకి జారాడు. విశ్వాసమ్మ లేపలేదు. తనే వడ్డించుకుంది.